జడ్జి పేరుపై అభ్యంతరం ఉంటే ప్రజలు ఎవరికి చెప్పుకోవాలి?

2023 ఫిబ్రవరి 7, ఉదయం పదిన్నర దాటింది. ఢిల్లీలో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ బీఆర్ గవాయ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ముందు వాదనలు నడుస్తున్నాయి. న్యాయవాది విక్టోరియా గౌరిని మద్రాస్ హైకోర్టు అదనపు న్యాయమూర్తిగా నియమించడాన్ని ఆపాలన్నది పిటిషన్. ఆ వాదనలు ముగియకముందే చెన్నైలో ఆమె ప్రమాణ స్వీకారం మొదలైంది. పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది.

ఆ కేసు అక్కడితో ముగిసింది. కానీ అది లేవనెత్తిన ప్రశ్న ముగియలేదు. ఒక వ్యక్తి జడ్జి కాకూడదని కొందరు పౌరులు బలంగా నమ్మితే, ఆ మాట చెప్పుకోవడానికి వారికి ఒక చోటు ఉండాలా? ఉంటే అది కోర్టా, ప్రభుత్వమా, చట్టసభా?

అసలేం జరిగింది?

గౌరి పేరును 2023 జనవరి 17న సుప్రీంకోర్టు కొలీజియం సిఫార్సు చేసింది. ఆమె గతంలో బీజేపీ మహిళా మోర్చాలో పనిచేశారని, క్రైస్తవులు, ముస్లింలపై విద్వేషపూరిత వ్యాఖ్యలు చేశారని ఆరోపిస్తూ మద్రాస్ హైకోర్టు న్యాయవాదులు 21 మంది రాష్ట్రపతికి, కొలీజియానికి లేఖలు రాశారు. మరికొందరు న్యాయవాదులు ఆమెకు మద్దతుగా నిలిచారు. వివాదం కోర్టుకెక్కిన ఫిబ్రవరి 6నే కేంద్రం నియామక ఉత్తర్వులు ఇచ్చింది.

అర్హత వేరు, యోగ్యత వేరు అని ధర్మాసనం చెప్పింది. పదేళ్లు న్యాయవాదిగా పనిచేశారా లేదా అన్నది అర్హత. దాన్ని కోర్టు పరిశీలించగలదు. 1992లో గువాహటి హైకోర్టుకు నియమితులైన కేఎన్ శ్రీవాస్తవకు ఆ అర్హత లేదని తేలడంతో, రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాక కూడా, ప్రమాణానికి ముందే సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని రద్దు చేసింది. కానీ ఒకరు నిష్పక్షపాతంగా ఉండగలరా, ఆ కుర్చీకి తగినవారేనా అన్నది యోగ్యత. అది కొలీజియం తేల్చాల్సిన విషయమని, అందులో కోర్టు జోక్యం చేసుకోదని ధర్మాసనం స్పష్టం చేసింది.

చిక్కు ఇక్కడే ఉంది. ప్రజలకు ఉండే అభ్యంతరాల్లో ఎక్కువ భాగం యోగ్యత గురించే. దాన్ని వినే తలుపు మాత్రం ఒక్కటే. ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో బయటివారికి కనిపించదు.

పేరు ఏ దారిలో వెళ్తుంది?

హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మరో ఇద్దరు సీనియర్ జడ్జీలు కలిసి పేరును ప్రతిపాదిస్తారు. దానిపై రాష్ట్ర ముఖ్యమంత్రి, గవర్నర్ అభిప్రాయం తీసుకుంటారు. కేంద్ర న్యాయశాఖ ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదికను జతచేస్తుంది. ఫైలు సుప్రీంకోర్టు కొలీజియానికి చేరుతుంది. కొలీజియం సరేనంటే మళ్లీ కేంద్రానికి, అక్కడి నుంచి రాష్ట్రపతికి వెళ్తుంది.

ఇందులో పార్లమెంటు గానీ శాసనసభ గానీ ఎక్కడా లేవు. మీ ఎంపీకి వెయ్యి మంది సంతకాలతో వినతిపత్రం ఇచ్చినా ఆయన దాన్ని ప్రభుత్వానికి పంపగలరు, మహా అయితే బయట మాట్లాడగలరు. నియామకంపై ఓటు వేసే అధికారం ఆయనకు లేదు. ప్రజలు ఎన్నుకున్నవారికి మాట చెప్పే అవకాశం ముఖ్యమంత్రి, కేంద్ర ప్రభుత్వం దగ్గరే. అదీ రహస్యంగానే. కొలీజియం తీర్మానాలు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో కనిపించడం 2017 అక్టోబరు నుంచే మొదలైంది. అంటే జనానికి పేరు అధికారికంగా తెలిసేసరికే సిఫార్సు అయిపోయి ఉంటుంది.

అమెరికాలో ఎందుకు సాధ్యం?

అక్కడ అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తే సెనేట్ ఓటు వేయాలి. కాబట్టి ప్రజల ఒత్తిడికి ఒక చిరునామా ఉంది. 1930లో అధ్యక్షుడు హూవర్ సుప్రీంకోర్టుకు జాన్ పార్కర్ పేరును పంపారు. నల్లజాతివారు రాజకీయాల్లో పాల్గొనడాన్ని వ్యతిరేకిస్తూ పార్కర్ పదేళ్ల క్రితం చేసిన ప్రసంగాన్ని ఎన్ఏఏసీపీ బయటపెట్టింది. ఆయన తీర్పు ఒకటి కార్మికులకు వ్యతిరేకమంటూ కార్మిక సంఘాలూ కదిలాయి. దేశం నలుమూలల నుంచి సెనేటర్లకు ఉత్తరాలు, టెలిగ్రాములు వెళ్లాయి. 41-39 ఓట్లతో, అంటే రెండే ఓట్ల తేడాతో పార్కర్ ఓడిపోయారు. పార్కర్‌కు ఓటేసిన సెనేటర్లు మళ్లీ ఎన్నికలకు వచ్చినప్పుడు ఎన్ఏఏసీపీ వారికి వ్యతిరేకంగా ప్రచారం చేసింది. వినతిపత్రానికి బరువు వచ్చేది అక్కడే: దాని వెనక ఓటు ఉంది.

1987లో రీగన్ ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్‌ను పౌర హక్కుల సంఘాలు, మహిళా సంఘాలు ఇంకా పెద్ద ఎత్తున వ్యతిరేకించాయి. సెనేట్ 58-42తో తిరస్కరించింది. అయితే దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. అప్పటి నుంచి జడ్జి నియామకం పార్టీల మధ్య ఎన్నికల పోరులా మారుతూ వచ్చింది. 2018లో బ్రెట్ కవనా 50-48తో గట్టెక్కారు. ఓట్లు దాదాపు పార్టీల గీత మీదే పడ్డాయి.

పక్కనే ఉన్న నేపాల్

ఇంత దూరం వెళ్లక్కర్లేదు. నేపాల్ రాజ్యాంగం 292వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు జడ్జీలుగా ప్రతిపాదించినవారిని 15 మంది సభ్యుల పార్లమెంటరీ కమిటీ విచారిస్తుంది. పేర్లపై ఫిర్యాదులుంటే ఇవ్వాలని ప్రజలను కోరుతుంది. 2018 ఆగస్టులో, తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న దీపక్ రాజ్ జోషీని పూర్తిస్థాయి ప్రధాన న్యాయమూర్తిగా నియమించే ప్రతిపాదనను ఆ కమిటీ తిరస్కరించింది. ఆయన విద్యార్హత పత్రాలపైన, కొన్ని తీర్పులపైన ప్రశ్నలు వచ్చాయి. తర్వాత ఓం ప్రకాశ్ మిశ్రా ఆ పదవి చేపట్టారు. అయితే తిరస్కరణకు కమిటీలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అందువల్ల ఫిర్యాదు ఎంత బలమైనదన్న దానికంటే పాలక పార్టీ బలం ఎంతన్నదే కొన్నిసార్లు నిర్ణయాత్మకం అవుతుంది.

మనం ఆ దారి ఎందుకు వద్దనుకున్నాం?

ఇది పొరపాటున జరిగింది కాదు. 1949 మే 24న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ దీనిపై మాట్లాడారు. నియామకాన్ని పూర్తిగా ప్రభుత్వానికి వదిలేయడం ప్రమాదమన్నారు. అమెరికాలో మాదిరిగా చట్టసభ ఆమోదం కావాలంటే పని సాగదని, రాజకీయ ఒత్తిళ్లు చొరబడతాయని కూడా హెచ్చరించారు. అందుకే సంప్రదింపులు అనే మధ్యేమార్గం ఎంచుకున్నారు. 1993 తీర్పుతో ఆ సంప్రదింపుల్లో పైచేయి జడ్జీలదైంది. ప్రభుత్వ ప్రతినిధితో పాటు ఇద్దరు ప్రముఖులకు చోటిచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. విభేదించిన ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియంలో పారదర్శకత లేదన్నది ఆయన ప్రధాన అభ్యంతరం.

అంబేడ్కర్ భయం నిరాధారం కాదు. గౌరి పేరు సిఫార్సు చేసిన రోజే, అదే మద్రాస్ హైకోర్టుకు న్యాయవాది ఆర్. జాన్ సత్యన్ పేరును కొలీజియం రెండోసారి పంపింది. ప్రధానిని విమర్శించే ఒక వ్యాసాన్ని ఆయన సోషల్ మీడియాలో పంచుకున్నారన్నది ఇంటెలిజెన్స్ బ్యూరో అభ్యంతరాల్లో ఒకటి. అది యోగ్యతకు అడ్డు కాదని, ఆ రోజు సిఫార్సు చేసిన పేర్లకంటే ఆయనకే ప్రాధాన్యం ఇవ్వాలని కొలీజియం చెప్పింది. అయినా గౌరి ప్రమాణం చేసే నాటికి ఆయన ఫైలు కదల్లేదు.

ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. మన పద్ధతిలో అభ్యంతరం చెప్పే అవకాశం లేకపోలేదు. ప్రభుత్వం నోరు విప్పకుండా, ఫైలును పక్కన పెట్టి కూడా అభ్యంతరం చెప్పగలదు. పౌరుడు మాత్రం లేఖ రాసి, అది ఎవరైనా చదివారో లేదో తెలియక ఎదురుచూడాలి.

చట్టసభ ఓటు లేకుండా కూడా దీన్ని కొంత సరిదిద్దవచ్చు. సిఫార్సుకు ముందే పేర్లు ప్రకటించి, గడువు పెట్టి, ఆధారాలతో కూడిన అభ్యంతరాలు స్వీకరించవచ్చు. వాటిని ఎందుకు ఆమోదించారో, ఎందుకు తోసిపుచ్చారో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. జాన్ సత్యన్ విషయంలో ప్రభుత్వ అభ్యంతరానికి కొలీజియం అలాంటి జవాబే బహిరంగంగా ఇచ్చింది. ఆ 21 మంది న్యాయవాదుల లేఖకు అలాంటి జవాబు రాలేదు.