మీకు తెలుసా? గోదా దిగిన కలియుగ భీముడు

ఒంటికి ఉక్కు గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి ఛాతీ ఉబ్బిస్తే ఆ గొలుసు తెగిపడేది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి బలం అలాంటిది. ఏనుగును గుండెల మీదికి ఎక్కించుకున్న ఈ మల్లయోధుడు విజయనగరంలో సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. జనం ‘కలియుగ భీముడు’ అన్నారు.

తర్వాత? కాలి మీద పుండు లేచి, ముదిరి, చివరికి కాలే తీసేశారు. మత్తుమందు వద్దన్నారని, ప్రాణాయామంతోనే బాధ ఓర్చుకున్నారని చెబుతారు. (చెప్పుకునేవాళ్లు కాస్త కలిపే ఉంటారు లెండి!) సంపాదించింది నిలవలేదు. చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిపి, 1942లో అక్కడే కన్నుమూశారు.

మరో మల్లయోధుడు దారాసింగ్ దారి వేరు. 1983లో కుస్తీ మానేసి, దూరదర్శన్ ‘రామాయణం’లో హనుమంతుడయ్యారు. 2003 నుంచి 2009 దాకా రాజ్యసభ సభ్యుడు. అప్పట్లో మన మల్లుడికి అలాంటి రెండో ఇన్నింగ్స్ ఎవరిచ్చారు?

ఆయన పేరు మాత్రం నిలిచింది. కావలి నుంచి హౌరా వైపు రైలెక్కి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగి శ్రీకాకుళం ఊళ్లోకి వెళ్లండి. అక్కడి స్టేడియం కోడి రామమూర్తి పేరు మీదే ఉంది.