జేవాకర్... అంటే బైతు!

హైటెక్ సిటీలో మెట్రో దిగి, బండ్ల మధ్యలోంచి రోడ్డు దాటి ఆఫీస్‌కి పరిగెత్తే మనలాంటోళ్లకి ఇంగ్లిష్‌లో ఓ పేరుంది: 'జేవాకర్'. ఇంగ్లిష్ 'జె' అక్షరంలా వంకర తిరిగి నడిచేవాడేమో అనుకున్నా ఇన్నాళ్లూ. కాదు!

పాత అమెరికా యాసలో 'జే' అంటే పల్లెటూరి బైతు. సిటీలో నడవడం తెలీనోడని వెక్కిరింత. 1920ల్లో కార్లు గుద్ది జనం చనిపోతుంటే, తప్పంతా నడిచేవాళ్లదే అనడానికి అక్కడి ఆటోమొబైల్ క్లబ్బులు ఈ మాటని తెగ వాడాయి. 1925లో లాస్ ఏంజిలిస్‌లో రూల్ కూడా వచ్చేసింది. అదే కాలిఫోర్నియాలో 2023 నుంచి, ప్రమాదం లేనప్పుడు ఊరికే రోడ్డు దాటితే ఫైన్ వెయ్యట్లేదు.

అసలు ట్విస్ట్ ఏంటంటే, అంతకంటే ముందే 1905లో 'జే డ్రైవర్' అనే మాట ఉంది. రాంగ్ సైడ్‌లో బండి నడిపేవాడన్నమాట!

మొన్న ఫుట్‌పాత్ మీదకి బైక్ ఎక్కించిన ఒకాయన, "కనబడట్లేదా?" అని నా మీదే అరిచాడు. సారీ చెప్పి పక్కకి తప్పుకున్నా. ఇప్పుడైతే చెప్పను. రోడ్డు చూసుకునే దాటుదాం. కానీ ఫుట్‌పాత్ మీద బైతు మాత్రం మనం కాదు బాస్!