చెప్పడానికి మాట కావాలి

చెవి పోటు వస్తే "అమ్మా, చెవి పోటు" అంటాం. పన్ను నొప్పి అయినా అంతే. మరి జననాంగాల దగ్గర నొప్పి వస్తే? చాలామంది పిల్లలు "అక్కడ" అని ఊరుకుంటారు. ఆ అవయవాల పేర్లు ఇంట్లో ఎవరూ పలకరు. బడిలోనైనా "ప్రత్యుత్పత్తి" పాఠం రాగానే "ఇది మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసే మాస్టర్లున్నారు. పిల్లల్ని పాడుచేసే దుర్మార్గుడికి కావలసింది సరిగ్గా ఈ మౌనమే.

ఎలాగో చూద్దాం. సుమారు 8 నుంచి 14 ఏళ్ల మధ్య, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి కొన్ని హార్మోనులను ఎక్కువగా విడుదల చేస్తుంది. వాటి ప్రేరణతో ఆడపిల్లల్లో అండాశయాలు, మగపిల్లల్లో వృషణాలు చురుకవుతాయి. ఋతుస్రావం, గొంతు మారడం, నిద్రలో వీర్యం పోవడం అన్నీ దీని ఫలితాలే. జబ్బులు కావు. ఇది తెలియని పిల్లలు భయపడతారు. అప్పుడే "నేను చెబుతాగా, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి" అంటూ ఒక పెద్దమనిషి చేరువ కావచ్చు. అతను కొత్తవాడే కానక్కరలేదు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలను అడిగారు. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. మగపిల్లలూ తక్కువ లేరు! వేధించినవారిలో సగంమంది తెలిసినవారే, నమ్మినవారే.

డాక్టరు అమ్మ ఎదుట, కారణం చెప్పి పరీక్షించడం వేరు. దాచమని చెప్పే తాకుడు వేరు.

"మరి అరవలేదేం?" అని అడుగుతారు కొందరు. ఇది తెలియక అడిగే ప్రశ్న. విపరీతమైన భయం కలిగినప్పుడు కాళ్లూ చేతులూ కొయ్యబారిపోవచ్చు, నోరు పెగలకపోవచ్చు. అది నాడీమండలం తనంతట తాను చేసే పని. అలా బిగుసుకుపోవడం ఒప్పుకోవడం కాదు, తప్పూ కాదు.

అమ్మకో, నాన్నకో, టీచరుకో చెప్పండి. నమ్మకపోతే మరొకరికి చెప్పండి. 1098కి ఫోను చేయవచ్చు, డబ్బు ఖర్చు కాదు. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది. విషయం తెలిసిన పెద్దలు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లలు స్టేషనుకు వెళ్లనక్కరలేదు. పోలీసు అధికారే ఇంటికి వచ్చి, పిల్లలు నమ్మినవారి ఎదుట జరిగింది రాసుకోవాలి. అదీ యూనిఫారం లేకుండా.