లారీ ఇంజనులో కంప్రెషను పెంచిన బలము పెరుగునా?

ధాన్యము, చెరకు, ప్రత్తి మున్నగువానిని మార్కెట్టునకు జేర్చు పాత లారీ మిట్ట నెక్కలేకపోయినప్పుడు, "హెడ్డు గీయించి కంప్రెషను పెంచిన బలము వచ్చును" అని కొందరు చెప్పుచుందురు. ఈ మాటలో కొంత నిజము కలదు. ఆ నిజమెంతవరకో యెరుగక, సంఘమున అప్పు తీసికొని సొమ్ము వెచ్చించిన యెడల, ఇంజను చెడును, అప్పు మిగులును. కావున రైతులీ విషయమును తెలిసికొనుట మేలు.

పిస్టను అడుగునకు దిగినప్పుడు సిలిండరులో నుండు చోటు, అది పైకి వచ్చినప్పుడు మిగులు చోటునకు ఎన్ని రెట్లో, దానినే కంప్రెషను నిష్పత్తి యందురు. ఎనిమిది పాళ్ల చోటులోని గాలి ఒక పాలులోనికి అణగినచో నిష్పత్తి 8.

ఇది పెరిగిన బలమేల పెరుగును? చెరకు గానుగను తలంపుడు. గానుగ వదులుగా నున్నచో పిప్పిలో రసము చాల మిగిలిపోవును. బిగించినచో అదే చెరకునుండి మరికొంత రసము దిగును. అట్లే మండిన వాయువు చిన్న చోటునుండి బయలుదేరినచో, పిస్టనును త్రోయుచు ఎక్కువ రెట్లు వ్యాపించును. పొగగొట్టమున వ్యర్థముగా బోవు వేడి తగ్గును.

అయితే మొదటి బిగింపునకు దిగినంత రసము రెండవ బిగింపునకు దిగదు. లెక్క ప్రకారము నిష్పత్తి 6 నుండి 8కి పెరిగిన లాభము నూటికి సుమారు 10 పాళ్లు. 8 నుండి 9కి 3, 4 పాళ్లు. 16 నుండి 18కి సుమారు 2 పాళ్లు మాత్రమే. రాపిడివలనను, వేడి నష్టమువలనను ఇదియు కొంత తగ్గును.

పెట్రోలు ఇంజనునకు మరియొక హద్దు కలదు. గాలిని అణచినచో వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగము కాలుట అందరును ఎరిగినదే. మితిమీరి అణచిన పెట్రోలు మిశ్రమము, ప్లగ్గు రగిల్చిన మంట తన్ను చేరకమునుపే ఒక్కుమ్మడి అంటుకొని, సుత్తితో గొట్టినట్లు మ్రోగును. ఇట్లు నడుపుచుండిన పిస్టన్లు పగులును, గ్యాస్కెట్లు కాలును. 1921లో థామస్ మిడ్జ్‌లీ సీసపు మందును పెట్రోలున కలిపి దీని నాపు ఉపాయమును కనుగొనెను. అది విషమగుటచే మన దేశమున 2000 సంవత్సరమున సీసపు పెట్రోలు నిలిపివేయబడినది. ఈ మ్రోతకు పెట్రోలు ఎంత ఓర్చునో ఆక్టేను సంఖ్య తెలుపును. ఆ ఓర్పునకు మించి కంప్రెషను పెంచరాదు.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గున నడిపి చూపిన ఇంజనులో ప్లగ్గు లేదు. అణగిన గాలి వేడికే నూనె తనంతట మండును. నేటి డీజిలు ఇంజనులో ఆ వేడి 500 డిగ్రీలు దాటును. ఇందులకై లారీలలో నిష్పత్తి ఇదివరకే 16, 18 ప్రాంతమున నుండును. పెంచిన లాభము స్వల్పము. హెడ్డు మితిమీరి గీసినచో వాల్వులు పిస్టనునకు తగిలి వంగును. అధిక బలము కోరు కర్మాగారములవారు టర్బోతో గాలి నెక్కించి, కంప్రెషనును కొంత తగ్గించుటయు కలదు.

కనుక పాత లారీకి కావలసినది కంప్రెషను పెంచుట గాదు, పోయినదానిని మరల తెచ్చుట. ఉదయమున స్టార్టు కాకుండుట, తెల్లని పొగ, ఆయిలు మూత తీసిన గాలి తన్నుట దీని గుర్తులు. మొదట గాలి ఫిల్టరును, నూనె ఫిల్టరును శుభ్రపరచి చూడవలయును. మన దుమ్ము రోడ్లలో సగము దోషము అచ్చటనే యుండవచ్చును. పిమ్మట ప్రతి సిలిండరును గేజితో కొలిపించి, కంపెనీ పుస్తకములోని అంకెతో పోల్చవలయును. డీజిలు ఇంజనునకు పెట్రోలు గేజి పనికిరాదు. ఒత్తిడి రెండు మూడు రెట్లుండును. పెట్రోలు ఇంజనులో తక్కువ చూపిన సిలిండరున చెంచాడు ఆయిలు పోసి మరల కొలిచినప్పుడు అంకె పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగకున్న వాల్వులనో గ్యాస్కెట్టునో చూడవలయును.

అరిగినదానిని మార్చిన, ఇంజను పుట్టినప్పటి బలమును పొందును. అంతకుమించిన బరువు నెక్కింపవలసి వచ్చినచో, హెడ్డు గీయించుటకంటె రెండు దఫాలు తోలుట చౌక. ముందు కొలిపింపుడు, పిదప ఖర్చు చేయుడు.