ఊరెళ్ళొచ్చాక రక్తం ఇవ్వొచ్చా?

అమెరికాలో రక్తదాన శిబిరాలకు వచ్చే మనవాళ్ళు తరచు ఆగిపోయేది బీపీ దగ్గర కాదు, షుగర్ దగ్గర కూడా కాదు. ప్రశ్నావళిలో ఒక ప్రశ్న ఉంటుంది: గడిచిన మూడేళ్ళలో అమెరికా, కెనడా దాటి వెళ్ళారా? అవునని నొక్కగానే పక్కనున్న నర్సు ఏ దేశం, ఏ ఊరు, తిరిగి ఎప్పుడొచ్చారు అని అడుగుతుంది. హైదరాబాదు, గుంటూరు అని చెప్పి, పెళ్ళికెళ్ళి నెల కిందటే వచ్చామంటే మర్యాదగా వెనక్కి పంపేస్తారు. దాంతో “మన రక్తం వీళ్ళకు పనికిరాదట” అనుకుని మళ్ళీ ఆ గడప తొక్కనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకు చెప్పింది కొన్నాళ్ళు ఆగమని మాత్రమే. ఎన్నాళ్ళో లెక్క తెలిస్తే మళ్ళీ వస్తారని నా నమ్మకం.

ఆగమనడానికి కారణం మలేరియా. ఆ కథలో మన ఊరికీ పాత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమను కోసి చూసి, దాని కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆ పరాన్నజీవి మన ఎర్ర రక్తకణాల్లోనే కాపురం పెడుతుంది. అందులో వైవాక్స్ రకం కాలేయంలో నెలల తరబడి నక్కి ఉండగలదు. మలేరియా ఉన్నచోట ఏళ్ళ తరబడి పెరిగినవాళ్ళలో కొందరికి ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం రాదు. అలాంటివారి రక్తం ఎక్కిస్తే దోమతో పనిలేకుండానే జబ్బు రోగికి చేరుతుంది. రక్తదాతల్లో దీన్ని పట్టుకునే పరీక్షకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ తొలిసారి అనుమతి ఇచ్చింది 2024 మార్చిలోనే. అప్పటిదాకా అడిగి తెలుసుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఇక లెక్క. ఇక్కడ వరుసగా మూడేళ్ళు నిండినవారు ఇండియా వెళ్ళొస్తే, తిరిగొచ్చిన రోజు నుంచి 3 నెలలు ఆగితే చాలు. ఒకప్పుడు ఇది ఏడాది. కోవిడ్ కాలంలో రక్తం కరువై, 2020 ఏప్రిల్లో తగ్గించారు. ఆ సంగతి తెలియక ఇంకా ఏడాది లెక్కే పట్టుకుని కూర్చున్నవాళ్ళున్నారు.

కొత్తగా వచ్చినవారి లెక్క వేరు, కాస్త కఠినం. మలేరియా ఉన్న దేశంలో ఐదేళ్ళకు మించి ఉండి వచ్చినవారు ఇక్కడ 3 ఏళ్ళు గడిపాకే ఇవ్వాలి. 2022 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన అబ్బాయి మధ్యలో ఊరెళ్ళకపోతే 2025 ఆగస్టులో ఇవ్వొచ్చు. అదే 2024 డిసెంబరులో అక్క పెళ్ళికెళ్ళి జనవరిలో తిరిగొచ్చాడనుకోండి, మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది: 2028 జనవరి దాకా ఆగాలి. పాపం, శిబిరంలో ఎక్కువ ఉత్సాహంతో ముందు వరసలో నిలబడేది ఈ పిల్లలే. కారణం విడమరిచి చెప్పకుండా పంపేస్తే మనసు చిన్నబుచ్చుకుంటారు. నమోదు బల్ల దగ్గరే మనవాళ్ళెవరైనా కూర్చుని వచ్చిన తేదీలు అడిగి, ఎప్పుడు రావచ్చో ఒక కాగితం మీద రాసిస్తే బాగుంటుంది. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ ప్రశ్నలతో పాటు పరీక్షనూ వాడుకునే ముసాయిదా వెలువరించింది. కాబట్టి ఈ లెక్కలు మారొచ్చు, ఇచ్చేముందు మీ రక్తకేంద్రానికి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

మిగతా నిబంధనలు మనం భయపడేంత కఠినమైనవి కావు. పౌరసత్వం అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. 17 ఏళ్ళు నిండాలి, బరువు 110 పౌండ్లు ఉండాలి. బీపీకి మాత్రలు వేసుకుంటున్నా, షుగర్ అదుపులో ఉన్నా ఇవ్వొచ్చు. ఒకసారి రక్తం ఇచ్చాక మళ్ళీ ఇవ్వడానికి 56 రోజులు ఆగాలి. ప్రసవమైనవారు 6 వారాలు ఆగాలి.

మన ఆడవాళ్ళు ఆగిపోయేది హిమోగ్లోబిన్ దగ్గర. ఆడవారికి 12.5, మగవారికి 13 ఉండాలి. వేలి చివర చిన్న సూదిపోటు, ఒక చుక్క యంత్రంలో, అక్కడ 12.1 కనబడితే ఆ రోజుకు అంతే. శాకాహారం తినేవారు నెల ముందు నుంచీ జాగ్రత్తపడాలి. తోటకూర, పప్పు, శనగలు తిన్నప్పుడు పైన నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. భోజనం అవగానే టీ తాగే అలవాటు దానికి అడ్డం. ఎప్పుడూ తక్కువే ఉంటోందంటే డాక్టరుకు చూపించుకోవాల్సిన విషయమే, రక్తదానం సంగతి తర్వాత.

ఇంత పట్టుదలగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. అమెరికా రెడ్‌క్రాస్ లెక్కల్లో బి పాజిటివ్ తెల్లవారిలో 9 శాతం, ఆసియా మూలాలవారిలో 25 శాతం. అంటే ఈ గ్రూపు రక్తం ఇవ్వగలిగినవాళ్ళు మనలో దండిగా ఉన్నారు. ఇక 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం కనిపెట్టిన బాంబే గ్రూపు సంగతి మరీ ప్రత్యేకం. ఆ గ్రూపువారికి ఓ గ్రూపు రక్తం కూడా సరిపడదు, మళ్ళీ ఆ గ్రూపువారిదే కావాలి. అది ఎక్కువగా కనబడేది మన ఉపఖండంవారిలోనే. అలాంటి రోగికి ఈ దేశంలో దాత దొరకాలంటే మనలాంటివాళ్ళే ముందు నమోదై ఉండాలి.

మన సంఘం కార్యవర్గానికి ఒక మనవి. మన రక్తదాన శిబిరాన్ని ఆగస్టు 15 వేడుకలతో కలిపి పెడుతున్నాం. అప్పటికి సగం కుటుంబాలు వేసవి సెలవులకు ఇండియా వెళ్ళి, అప్పుడే దిగి ఉంటాయి. వాళ్ళెవరూ ఇవ్వలేరు. దాన్ని నవంబరు చివరి వారాలకు, థ్యాంక్స్‌గివింగ్ ముందుకు జరపండి. ఆగస్టు మధ్యలో తిరిగొచ్చినవారికి అప్పటికి 3 నెలలు నిండుతాయి. డిసెంబరులో ఊరెళ్ళేవారు విమానం ఎక్కకముందే ఇచ్చేయొచ్చు. పండగ సెలవుల్లో దాతలు తగ్గి ఇక్కడి ఆసుపత్రులు రక్తానికి ఇబ్బందిపడేది కూడా ఆ రోజుల్లోనే. వీలైతే మే నెలలో, బడులకు సెలవులిచ్చేలోపు ఇంకొకటి పెట్టండి. మేలో ఇచ్చి వేసవిలో ఊరెళ్ళొచ్చినవారు నవంబరులో మళ్ళీ ఇవ్వొచ్చు.