ఇనుము కోసం పొంచివుండే బూజు
చక్కెర వ్యాధి, కిడ్నీ జబ్బు వున్నవారికి హెచ్చరిక

హరిశ్చంద్రపురం: ఉద్దానం తోటల్లో వానలు పడితే లేత పనస పిందెలు నల్లని బూజు పట్టి రాలిపోవడం రైతులు ఎరిగినదే. ఆ బూజుకు దాయాదులైన కొన్ని మనిషి ముక్కులో చేరి, కంటికి, మెదడుకు పాకగలవు. 2021లో కరోనా రెండవ విడతలో జనాన్ని బెంబేలెత్తించిన బ్లాక్ ఫంగస్ ఇదే. ఆ ఏడు మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం దీని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది.

ఈ బూజు రేణువులు మట్టిలో, గాలిలో ఎప్పుడూ వుంటాయి. అందరూ పీలుస్తూనే వుంటారు. అయినా ఎక్కువమందికి ఏమీ కాదు. తెల్ల రక్తకణాలు వాటిని పట్టి చంపుతాయి. అదిగాక శరీరం వాటికి ఇనుము అందనివ్వదు.

ఇనుము లేనిదే బూజు పెరగదు. అందుకే రక్తంలోని ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే మాంసకృత్తు పట్టి వుంచుతుంది. రోగక్రిములు దాడి చేసినప్పుడు కాలేయం నుంచి హెప్సిడిన్ అనే పదార్థం వెలువడి, నిల్వవున్న ఇనుమును బయటకు రానివ్వదు. దొంగల భయం వున్నప్పుడు గాదెకు తాళం వేసినట్లన్నమాట.

చక్కెర వ్యాధి బాగా ముదిరి రక్తంలో ఆమ్లం పెరిగితే ఈ తాళం వదులవుతుంది. ఇనుము విడివడి బూజు పాలవుతుంది. తెల్లకణాలు కూడా మందగిస్తాయి. స్టెరాయిడ్ మందులు ఎక్కువైతే వాటి బలం మరింత తగ్గుతుంది.

మందే మేత అయింది

కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న ఉద్దానం పల్లెలకు మరో సంగతి తెలియాలి. 1980 దశకంలో వివిధ దేశాల్లో డయాలిసిస్ రోగులకు శరీరంలో అధికంగా చేరిన ఇనుము, అల్యూమినియం తీసివేయడానికి డెఫెరాక్సమిన్ అనే మందు ఇచ్చేవారు. వారిలో కొందరికి ఈ బూజు వ్యాధి సోకింది. మందు పట్టుకున్న ఇనుమును బూజు లాగేసుకుంటోందని తర్వాత తేలింది.

అలాగని ఇనుము మాత్రలంటే భయపడరాదు. గర్భిణులకు, రక్తహీనత గలవారికి అవి అవసరమే. కిడ్నీ దెబ్బతింటే రక్తం పట్టడం తగ్గుతుంది గనుక డయాలిసిస్ రోగులకూ ఇనుము ఇంజెక్షన్లు ఇస్తారు. అయితే జ్వరం, చీము వంటివి వుంటే ముందుగా డాక్టరుకు చెప్పాలి. కలుపు తీయకుండా ఎరువు చల్లితే కలుపే ఏపుగా పెరుగుతుందని రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

ముఖం ఒక పక్క నొప్పి, వాపు, ముక్కు నుంచి నల్లని స్రావం, చూపు రెండుగా కనబడటం, పళ్ళు కదలడం వంటివి వుంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు, శస్త్రచికిత్స ఆలస్యమైతే కన్ను, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. చక్కెరను అదుపులో వుంచుకోవడం, స్టెరాయిడ్లను సొంతంగా కొని వాడకపోవడం అన్నిటికన్నా మేలైన రక్షణ.