గుండెకు తాత్కాలిక ఊతమిచ్చే పరికరాల అమరిక

గుండెపోటు వలన గాని, గుండె శస్త్రచికిత్స తరువాత గాని గుండె కండరం బలహీనపడి శరీరానికి చాలినంత రక్తాన్ని పంపలేని స్థితిని కార్డియోజెనిక్ షాక్ అంటారు. గుండె కోలుకునే వరకు, లేదా గుండె మార్పిడి జరిగే వరకు దానికి ఊతమిచ్చే పరికరాలు ఉన్నాయి. వీటిని ఏ ధమని గుండా లోనికి పంపాలనేది వైద్యులు ముందుగా నిర్ణయించవలసిన విషయం.

చరిత్ర

మహాధమనిలో బెలూను నుంచి గుండెకు సాయపడే పద్ధతిని 1962లో మౌలోపౌలోస్, టోపాజ్, కోల్ఫ్ వివరించారు. 1967లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ బృందం దీనిని తొలిసారిగా రోగులకు వాడింది. అప్పట్లో గజ్జ వద్ద కోతపెట్టి తొడ ధమనిని తెరవవలసి వచ్చేది. 1980 ప్రాంతంలో కోత లేకుండా సూది ద్వారా ప్రవేశపెట్టే పద్ధతి వచ్చింది.

పనిచేసే విధానం

బెలూను పంపు: గుండె వ్యాకోచించినపుడు బెలూను హీలియం వాయువుతో ఉబ్బి, హృదయ ధమనులలోనికి రక్తాన్ని నెడుతుంది. గుండె సంకోచించే ముందు ముడుచుకొని గుండెకు శ్రమ తగ్గిస్తుంది.

ఇంపెల్లా: ఇది మహాధమని కవాటం గుండా ఎడమ జఠరికలోనికి చేరే చిన్న పంపు. జఠరిక నుండి రక్తాన్ని పీల్చి మహాధమనిలోనికి వదులుతుంది.

ప్రవేశ మార్గాలు

తొడ ధమని: త్వరగా అమర్చవచ్చు కనుక అత్యవసర సమయంలో దీనినే ఎక్కువగా ఎంచుకుంటారు. అయితే రోగి మంచంపైనే ఉండాలి. గొట్టం ధమనిని పూడ్చితే కాలికి రక్తం అందక, కాలు కోల్పోయే ప్రమాదం కూడా ఉంది.

చంక ధమని: పెద్ద పంపులకు ఇది అనువైనది. ఇంపెల్లా 5.5 పంపు మందం 21 ఫ్రెంచి, అనగా 7 మిల్లీమీటర్లు (3 ఫ్రెంచి = 1 మి.మీ.). జత్రుక (కాలరు ఎముక) క్రింద కోతపెట్టి, ధమని ప్రక్కకు డాక్రాన్ గొట్టాన్ని కుట్టి, దాని గుండా పంపును పంపుతారు. ప్రక్కనే చేతికి పోయే నరాల సముదాయం ఉన్నందున మిక్కిలి జాగ్రత్త అవసరం. కాళ్ళు స్వేచ్ఛగా ఉండుటచే రోగి లేచి నడవగలడు.

మహాధమని: శస్త్రచికిత్స కొరకు ఛాతీ ముందే తెరచి ఉన్నపుడు నేరుగా దీనిలోనికే అమర్చవచ్చు.

ఫలితాలు

2012లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో 600 మంది రోగులను పరిశీలించగా, బెలూను వలన 30 రోజులలోని మరణాలు తగ్గలేదు. 2024లో వెలువడిన డాంజర్ షాక్ అధ్యయనంలో, తీవ్రమైన గుండెపోటుతో షాక్‌కు లోనైనవారిలో 180 రోజులలోని మరణాలు ఇంపెల్లా వలన 58.5% నుండి 45.8%కు తగ్గాయి. కాని రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలసిస్ అవసరం పెరిగాయి. కావున ఏ రోగికి, ఏ మార్గాన, ఎన్ని రోజులు అన్నది తూచి నిర్ణయించాలి.

ఇవి కూడా చూడండి

గుండెపోటు
మహాధమని
గుండె మార్పిడి